ఆఫ్ స్పిన్: బంతి నేలను తాకకముందే జరిగే ఆట

2018 ఆగస్టు, బర్మింగ్‌హామ్ టెస్టు. మన ఆఫ్ స్పిన్నర్ అశ్విన్ వేసిన బంతి ఇంగ్లండ్ ఎడమచేతి బ్యాటర్ అలిస్టర్ కుక్ కాళ్ల వైపు వంగుతూ వచ్చింది. పిచ్ మీద పడి, బ్యాట్ అంచును దాటుకుని ఆఫ్ స్టంప్‌ను తాకింది. రెండో ఇన్నింగ్స్‌లోనూ అశ్విన్ బౌలింగ్‌లోనే కుక్ మళ్లీ బౌల్డ్. అప్పటికే టెస్టుల్లో 12 వేలకు పైగా పరుగులు చేసిన ఓపెనర్ అతను. స్పిన్ ఆడటం రానివాడు కాదు.

ఇలాంటి బంతిని రిప్లేలో చూసినప్పుడు మనమంతా సాధారణంగా అనే మాట ఒకటే: "ఎంత తిరిగిందో చూశావా!" కానీ కుక్ ఓడిపోయింది బంతి తిరిగినప్పుడు కాదు, అంతకుముందే. గాల్లో ఉన్న బంతి తన వైపు వంగుతుంటే, బ్యాట్‌ను ఆ గీత మీదికి తెచ్చేశాడు. అక్కడి నుంచి బంతి కాస్త బయటికి జరిగితే చాలు. ఆఫ్ స్పిన్‌ను మనం ఎప్పుడూ పిచ్ మీద ఎంత తిరిగిందన్న కొలతతోనే చూస్తాం. దాని బలం ఎక్కువగా గాల్లో ఉంటుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఆర్మ్ బాల్, దూస్రా, క్యారమ్ బాల్ అని కామెంటరీలో వినిపించే పేర్లన్నీ ఒకే దారంలోకి వస్తాయి.

మొదట బంతి పట్టు. చూపుడు వేలు, మధ్య వేలు ఎడంగా పెట్టి, వాటి పై కణుపులు సీమ్‌కు (బంతి మీది కుట్టుకు) అడ్డంగా ఆనేలా బంతిని పట్టుకుంటారు. వదిలేటప్పుడు చూపుడు వేలు బంతిని గట్టిగా లాగుతుంది. కుడిచేత్తో సీసా మూత బిగించినట్టు ఉంటుంది ఆ కదలిక. బౌలర్ వైపు నుంచి చూస్తే బంతి గడియారం ముల్లు దిశలో తిరుగుతూ వెళ్తుంది. నేలను తాకినప్పుడు ఆ తిప్పుడు పిచ్‌ను పట్టుకుని, బంతిని కుడిచేతి బ్యాటర్‌కు ఆఫ్ వైపు (బ్యాట్ ఉండే వైపు) నుంచి లోపలికి, కాళ్ల వైపు తెస్తుంది. ఆఫ్ బ్రేక్ అంటే ఇంతే. పదేళ్ల పిల్లవాడు కూడా వేయగలడు. అందుకే ఇది తేలిక విద్య అనే పేరొచ్చింది. ఆ పేరు అన్యాయమని నా అభిప్రాయం.

తిరిగే ప్రతి బంతికీ ఒక ఇరుసు ఉంటుంది. అంటే బంతి ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత. స్పిన్నర్ చేతిలోంచి వచ్చే బంతి నిమిషానికి సుమారు 2000 చుట్ల వేగంతో తిరుగుతుంది. గంటకు 85 కిలోమీటర్ల వేగంతో వేస్తే బ్యాటర్‌ను చేరడానికి ముప్పావు సెకను పడుతుంది. ఆ కొద్ది సమయంలో పాతిక చుట్లు. గాల్లో బంతి ఎటు వంగాలి, ఎక్కడ పడాలి, పడ్డాక లేవాలా, తిరగాలా, జారాలా అన్నవన్నీ ఆ పాతిక చుట్లు ఏ ఇరుసు మీద తిరిగాయన్న దాన్ని బట్టి ఉంటాయి. బౌలర్ చేతిలో ఉన్న మీట ఆ ఇరుసే. మణికట్టు కొన్ని డిగ్రీలు వాల్చితే చాలు, బంతి స్వభావమే మారిపోతుంది.

ఇరుసు పూర్తిగా పిచ్ పొడవునా, బౌలర్ నుంచి బ్యాటర్ వైపు ఉందనుకుందాం. అప్పుడు సీమ్ స్క్వేర్ లెగ్ వైపు, అంటే బ్యాటర్ కాళ్ల పక్కకు, చూస్తుంది. నేల మీద టర్న్ ఎక్కువగా దొరికేది ఈ బంతికే. ఇక్కడ ఓ విచిత్రం ఉంది. తిరిగే బంతిని గాలి పక్కకు నెట్టడాన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. బంతి ప్రయాణించే దిశ, ఇరుసు ఒకే గీత మీద ఉన్నంతసేపూ ఆ నెట్టుడు ఉండదు. ఫ్లైట్ ఇచ్చిన, అంటే ఎత్తుగా ఎగరేసిన బంతి పైకి లేచి, ఆ తర్వాత కిందికి దిగుతుంది. ఇరుసు మాత్రం అలాగే అడ్డంగా ఉంటుంది. దిగుతున్న కొద్దీ ప్రయాణ దిశకూ ఇరుసుకూ మధ్య కోణం పెరుగుతుంది. అప్పుడు గాలి బంతిని స్లిప్ వైపు నెట్టడం మొదలుపెడుతుంది. డ్రిఫ్ట్ అంటే ఇదే. కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా, ఎడమచేతి బ్యాటర్‌కు లోపలికి. అదీ చివరి క్షణాల్లో, బ్యాటర్ ఇంచుమించు నిర్ణయం తీసేసుకున్నాక.

ఫ్లైట్ ఎందుకివ్వాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. బంతిని బ్యాటర్ కళ్లకంటే పైకి ఎగరేయడం అందం కోసమో, సిక్స్ కొట్టమని ఆశ పెట్టడం కోసమో మాత్రమే కాదు. పైకి లేచిన బంతే నిటారుగా దిగుతుంది, నిటారుగా దిగిన బంతే వంగుతుంది. చదునుగా, వేగంగా విసిరిన ఆఫ్ బ్రేక్‌కు దిగుడు తక్కువ, కాబట్టి వంగుడూ తక్కువే. చిన్నప్పటి నుంచీ "ఫాస్ట్‌గా వెయ్, కొట్టించుకోకు" అని పిల్లలకు నూరిపోసే కోచ్‌లు ఈ విషయం ఒక్కసారి ఆలోచించాలి.

ఇప్పుడు ఇరుసును కొద్దిగా తిప్పుదాం. సీమ్ స్క్వేర్ లెగ్‌ను వదిలి ఫైన్ లెగ్ వైపు, అంటే ఇంకాస్త వెనక్కి, చూస్తే, బంతికి పక్క తిప్పుడుతో పాటు ముందుకు దొర్లే టాప్ స్పిన్ కూడా కలుస్తుంది. టాప్ స్పిన్ ఉన్న బంతిని గాలి కిందికి తొక్కుతుంది. బ్యాటర్ తన దాకా వస్తుందనుకున్న బంతి ఓ అడుగు ముందే పడుతుంది. దాన్నే డిప్ అంటారు. పడ్డాక ఎత్తుగా లేస్తుంది. ఆస్ట్రేలియా ఆఫ్ స్పిన్నర్ నాథన్ లయన్ 500కు పైగా టెస్టు వికెట్లు కట్టుకున్నది ప్రధానంగా ఈ బంతితోనే. అక్కడి గట్టి పిచ్‌ల మీద పక్క టర్న్ పెద్దగా దొరకదు, బౌన్స్ దొరుకుతుంది. కాబట్టి అతని క్యాచ్‌లు షార్ట్ లెగ్ (లెగ్ వైపు బ్యాటర్‌కు బాగా దగ్గరగా నిలబడే ఫీల్డర్) దగ్గర, బ్యాట్ పై భాగానికో గ్లోవ్‌కో తగిలి లేస్తాయి. మన పిచ్‌ల మీద ఆడి పెరిగిన బౌలర్ ఆస్ట్రేలియా వెళ్లి తన మామూలు బంతులే వేసి, తిరగడం లేదేమిటని తలపట్టుకోవడం మనం ఎన్నిసార్లు చూడలేదు?

ఇంకోవైపు, వేళ్లు బంతి కింది నుంచి వెళ్లి ఇరుసు నిటారుగా నిలబడితే సీమ్ పడుకున్నట్టు ఉంటుంది. దీన్ని అండర్‌కటర్ అంటున్నారు. గాల్లో బాగా వంగుతుంది, పిచ్ మీద పడ్డాక తిరగకుండా జారుతూ నేరుగా వెళ్లిపోతుంది. లోపలికి తిరుగుతుందనుకుని ఆడిన కుడిచేతి బ్యాటర్ బ్యాట్ బయటి అంచుకు ఇది ప్రమాదం. ఆర్మ్ బాల్ అంతకంటే పాతది. ఆఫ్ బ్రేక్ యాక్షన్‌తోనే వచ్చి, వేళ్లతో పెద్దగా తిప్పకుండా సీమ్ నిలబెట్టి వదిలేస్తారు. కొత్త బంతి అయితే కొంచెం బయటికి స్వింగ్ అవుతుంది కూడా.

ఇన్ని ఆయుధాలు ఉన్నా ఆఫ్ స్పిన్నర్‌కు పుట్టుకతోనే ఓ ఇబ్బంది ఉంది. బంతి కుడిచేతి బ్యాటర్ శరీరం వైపు వస్తుంది. బ్యాటర్‌కు బ్యాట్ వెనక ప్యాడ్ రక్షణ ఉంటుంది, లెగ్ వైపు కొట్టడం సహజంగా వస్తుంది. లెగ్ స్పిన్‌లోలాగా బంతి దూరంగా పోతూ అంచును వెతుక్కోదు. అందుకే ఆఫ్ స్పిన్ చరిత్రలో సగం ఆటగాళ్ల ప్రతిభది అయితే, మిగతా సగం నిబంధనలది.

1956లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంగ్లండ్ ఆఫ్ స్పిన్నర్ జిమ్ లేకర్ ఆస్ట్రేలియా మీద 90 పరుగులకు 19 వికెట్లు తీశాడు. ఇరవైలో మిగిలిన ఆ ఒక్క వికెట్ టోనీ లాక్‌ది. వానకు తడిసి ఆరుతున్న పిచ్, లేకర్ నైపుణ్యం, వాటికి తోడు లెగ్ సైడ్ దగ్గరగా కాచుకున్న ఫీల్డర్ల వల. ఇప్పుడు లెగ్ సైడ్‌లో క్రీజు గీత వెనక, కీపర్ కాకుండా ఇద్దరికి మించి ఫీల్డర్లు ఉంటే నోబాల్. ఆ వల ఇప్పుడు అంత దట్టంగా అల్లలేరు.

మరుసటి ఏడాదే ఎడ్జ్‌బాస్టన్‌లో కథ తిరగబడింది. వెస్టిండీస్ స్పిన్నర్ సోనీ రామధీన్ మొదటి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు తీశాడు. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ బ్యాటర్లు పీటర్ మే, కోలిన్ కౌడ్రీ ముందుకాలు చాచి, బ్యాట్ పక్కనే ప్యాడ్ పెట్టి అతన్ని అడ్డుకుంటూ 411 పరుగుల భాగస్వామ్యం కట్టారు. రామధీన్ చేత ఆ ఇన్నింగ్స్‌లో 98 ఓవర్లు వేయించారు. ఆఫ్ స్టంప్ బయట ప్యాడ్‌కు తగిలితే ఎల్బీడబ్ల్యూ (స్టంప్స్‌కు వెళ్లే బంతిని కాలితో అడ్డుకున్నందుకు ఇచ్చే ఔట్) లేదన్న ధైర్యం అది. షాట్ ఆడే ప్రయత్నం చేయకపోతే బయట తగిలినా ఔటివ్వచ్చన్న మార్పు ఆ తర్వాత వచ్చింది. అయినా ముందుకాలు బాగా చాచిన బ్యాటర్‌ను ఔటివ్వడానికి అంపైర్లు దశాబ్దాల పాటు జంకారు.

ఆ జంకును పోగొట్టింది డీఆర్‌ఎస్, అంటే అంపైర్ నిర్ణయాన్ని కెమెరాలతో సరిచూసే పద్ధతి. కాలు ఎంత ముందుకు చాచినా బంతి స్టంప్స్‌ను తాకుతుందని కెమెరాలు చూపించాక, ప్యాడ్ వెనక దాక్కోవడం కుదరలేదు. బ్యాటర్లు బ్యాట్‌తోనే ఆడాల్సి వచ్చింది. బ్యాట్‌తో ఆడితే లోపలి అంచు, షార్ట్ లెగ్ క్యాచ్. ఇంగ్లండ్ ఆఫ్ స్పిన్నర్ గ్రేమ్ స్వాన్ లాంటి బౌలర్లు దీన్ని బాగా వాడుకున్నారు. స్పిన్నర్లకు ఈ తరంలో దక్కిన అతిపెద్ద కానుక డీఆర్‌ఎస్ అని నేను గట్టిగా నమ్ముతాను. కొత్తగా కనిపెట్టిన ఏ బంతీ దానికి సాటి రాదు.

కొత్త బంతుల మోజు మాత్రం తగ్గలేదు. ఆ మోజు దూస్రాతో పెరిగింది. 1990లలో పాకిస్థాన్ ఆఫ్ స్పిన్నర్ సక్లయిన్ ముస్తాక్ దీన్ని ప్రధాన ఆయుధంగా మార్చాడు. 1999 జనవరిలో చెన్నైలో 12 పరుగుల తేడాతో ఇండియా ఓడిన టెస్టు మర్చిపోయేవాళ్లు ఎవరుంటారు? 136 పరుగులు చేసిన సచిన్, సక్లయిన్ బౌలింగ్‌లోనే వసీం అక్రంకు క్యాచ్ ఇచ్చాడు. ఆ మ్యాచ్‌లో సక్లయిన్‌కు మొత్తం 10 వికెట్లు. దూస్రాలో చేతి వెనక భాగం బ్యాటర్ వైపు ఉండేలా మణికట్టు తిప్పేస్తారు. ఇరుసు అటుదిటు అవుతుంది, బంతి ఆఫ్ బ్రేక్‌కు వ్యతిరేక దిశలో పోతుంది. కష్టమంతా మోచేతి దగ్గర వచ్చింది. మణికట్టు అంత తిప్పి బంతికి బలం ఇవ్వాలంటే చాలామందికి మోచెయ్యి వంచి చాచక తప్పదు.

మోచేతి గొడవ అప్పటికే శ్రీలంక స్పిన్నర్ ముత్తయ్య మురళీధరన్ విషయంలో రాజుకుని ఉంది. 1995 బాక్సింగ్ డే టెస్టులో మెల్‌బోర్న్‌లో అంపైర్ డారెల్ హెయిర్ అతని బంతుల్ని త్రో అంటూ నోబాల్స్ ఇచ్చాడు. తర్వాత జరిగిన పరీక్షల్లో తేలిందేమిటంటే, కంటికి శుద్ధంగా కనిపించే ఫాస్ట్ బౌలర్ల మోచెయ్యి కూడా కొంత చాచుకుంటుంది. చివరికి 2005 నుంచి అందరికీ ఒకే కొలత పెట్టారు: చెయ్యి భుజం ఎత్తుకు వచ్చినప్పటి నుంచి బంతి వదిలేదాకా మోచెయ్యి 15 డిగ్రీల వరకు చాచుకోవచ్చు. వంగి ఉండటం తప్పు కాదు, వంగినది చాచుకోవడమే లెక్కలోకి వస్తుంది. ఈ తేడా తెలియక మురళీని ఇప్పటికీ తప్పుపట్టేవాళ్లున్నారు. పుట్టుకతోనే అతని మోచెయ్యి పూర్తిగా చాచుకోదు. పైగా అతను వేళ్లతో పాటు మణికట్టుతో కూడా తిప్పే ఆఫ్ స్పిన్నర్, అందుకే ఆ టర్న్. 2010లో గాలెలో అతని 800వ వికెట్‌గా వెనుదిరిగింది మన హైదరాబాద్ జట్టు ఎడమచేతి స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝా. దూస్రాకు మాత్రం కాలం కలిసిరాలేదు. 2014లో పాకిస్థాన్ ఆఫ్ స్పిన్నర్ సయీద్ అజ్మల్ మీద మోచేతి వంపు కారణంగా నిషేధం పడ్డాక ఆ బంతి దాదాపు కనుమరుగైంది.

దాని ఖాళీని నింపింది క్యారమ్ బాల్. బొటనవేలికీ, మడిచిన మధ్య వేలికీ మధ్య బంతిని బిగించి, వదిలేటప్పుడు మధ్య వేలితో చిమ్ముతారు. మోచేతి మీద ఒత్తిడి ఉండదు. 2008 ఆసియా కప్ ఫైనల్లో కరాచీలో శ్రీలంక స్పిన్నర్ అజంతా మెండిస్ 13 పరుగులకు 6 వికెట్లు తీసి మన బ్యాటింగ్‌ను కుప్పకూల్చింది దీంతోనే. అప్పుడది కొత్త వింతలా కనిపించింది గానీ, 1950-51లోనే ఆస్ట్రేలియా బౌలర్ జాక్ ఐవర్సన్ ఇలా మడిచిన వేలితో బౌలింగ్ చేసి ఇంగ్లండ్ మీద 21 వికెట్లు తీశాడు. అశ్విన్ దీన్ని చెన్నై వీధుల్లో టెన్నిస్ బంతి ఆటలోంచి తెచ్చుకున్నాడు. 2014 టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్లో దక్షిణాఫ్రికా బ్యాటర్ హషీం ఆమ్లాకు వేసిన బంతి లెగ్ స్టంప్ బయట పడి ఆఫ్ స్టంప్‌ను తీసుకుపోయింది. ఆఫ్ స్పిన్నర్ చేతిలోంచి వచ్చిన లెగ్ బ్రేక్ అది!

అలాగని అశ్విన్ 537 టెస్టు వికెట్లలో క్యారమ్ బాల్ వాటా పెద్దదనుకుంటే పొరపాటు. అతనికి రోజూ తినే అన్నం లాంటిది ఆఫ్ బ్రేకే. 2020లో ఆస్ట్రేలియాలో స్టీవ్ స్మిత్‌ను కట్టిపడేసిన తీరు చూడండి. అడిలైడ్‌లో తిరగకుండా నేరుగా వెళ్లిన బంతికి స్లిప్‌లో క్యాచ్, ఒక్క పరుగు. మెల్‌బోర్న్‌లో కాళ్ల మీదికి వచ్చిన బంతికి లెగ్ సైడ్ వెనక పుజారా చేతిలో క్యాచ్, సున్నా. అంతటి బ్యాటర్‌కు ఏది లోపలికి వస్తుందో, ఏది నిలబడిపోతుందో తెలియలేదు.

ఎడమచేతి బ్యాటర్లు ఎదురైతే ఆఫ్ స్పిన్నర్ కష్టమే అతని అదృష్టం అవుతుంది. గాల్లో లోపలికి వంగిన బంతి పడ్డాక బయటికి పోతుంది. కుడిచేతి ఫాస్ట్ బౌలర్ల బూట్లు తొక్కి తొక్కి రేపిన గరుకు కూడా సరిగ్గా ఎడమచేతి బ్యాటర్ ఆఫ్ స్టంప్ బయటే ఉంటుంది. టెస్టుల్లో 200 మంది ఎడమచేతి వాటం వాళ్లను ఔట్ చేసిన తొలి బౌలర్ అశ్విన్ కావడం వెనక ఈ రెండూ ఉన్నాయి.

ఇరుసు సంగతి తెలిశాక మిగతా బౌలింగ్ రకాలు అర్థం చేసుకోవడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. లెగ్ స్పిన్ ఇదే లెక్కకు అద్దంలో ప్రతిబింబం, బలం మాత్రం మణికట్టుది. 1993లో మైక్ గ్యాటింగ్‌కు షేన్ వార్న్ వేసిన బంతి మొదట లెగ్ వైపు వంగి, లెగ్ స్టంప్ బయట పడి, ఆఫ్ స్టంప్ తాకింది. ఆ వంగుడు లేకపోతే గ్యాటింగ్ అక్కడ ఆడేవాడే కాదు. అనిల్ కుంబ్లే టాప్ స్పిన్‌నూ వేగాన్నీ నమ్ముకున్నాడు, 619 వికెట్లు తీశాడు. ఎడమచేతి ఆర్థడాక్స్ స్పిన్ అంటే ఆఫ్ స్పిన్‌నే రెండో చేత్తో వేయడం. 2025 జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తన తొలి టీ20లోనే 12 పరుగులకు 4 వికెట్లు తీసిన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిది ఆ కోవే.

ఫాస్ట్ బౌలర్లకూ ఇరుసు ఉంటుంది. స్వింగ్ బౌలర్ బంతికి వెనక్కి తిప్పుడు ఇచ్చి సీమ్ కదలకుండా నిలబెడతాడు. ఏటవాలుగా నిలిచిన సీమ్, మెరిసే పక్క, గరుకు పక్క కలిసి గాలిని రెండు రకాలుగా విడదీస్తాయి, బంతి వంగుతుంది. మన సిరాజ్ ఇష్టపడే వాబుల్ సీమ్ దీనికి విరుద్ధం: సీమ్ అటూ ఇటూ ఊగుతూ వెళ్లేలా కావాలనే వదులుతాడు. నేలను తాకేటప్పుడు సీమ్ ఏ పక్కకు ఉంటే బంతి అటు పోతుంది, ఎటన్నది బౌలర్‌కు కూడా తెలియదు. స్పిన్నర్ ఇరుసు మీద పట్టుతో గెలుస్తాడు, సిరాజ్ దాన్ని కావాలనే వదిలేసి గెలుస్తాడు.

సిరాజ్ కంటే చాలా ముందు హైదరాబాద్ అంటే ఆఫ్ స్పిన్ అనే రోజులుండేవి. గులాం అహ్మద్ 22 టెస్టుల్లో 68 వికెట్లు తీశాడు. 1955లో ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్‌తో హైదరాబాద్ తొలి టెస్టు జరిగినప్పుడు భారత కెప్టెన్ అతనే. తర్వాత శివలాల్ యాదవ్ 35 టెస్టుల్లో 102 వికెట్లు, అర్షద్ అయూబ్ 13 టెస్టుల్లో 41. దేశవాళీలో ఏళ్ల తరబడి బౌలింగ్ చేసి టెస్టు టోపీ దక్కని కన్వల్జిత్ సింగ్ కూడా ఈ ఊరివాడే. గులాం అహ్మద్ నుంచి అర్షద్ అయూబ్ దాకా ఇంత మంది ఆఫ్ స్పిన్నర్లను ఇచ్చిన ఊరి గురించి రాసిన పేజీలు చాలా తక్కువ. అది నాకు బాధగా ఉంటుంది.

టీ20లు వచ్చాక ఆఫ్ స్పిన్నర్ల బతుకు ఇరుకైంది. చిన్న బౌండరీలు, లావు బ్యాట్లు, లోపలికి వచ్చే బంతిని మిడ్ వికెట్ మీదుగా ఎత్తేయడానికి కాచుకున్న కుడిచేతి బ్యాటర్లు. కెప్టెన్లు ఎడమచేతి బ్యాటర్ వచ్చినప్పుడే ఆఫ్ స్పిన్నర్‌ను పిలుస్తారు, కుడిచేతి బ్యాటర్ రాగానే బంతి లాగేసుకుంటారు. బౌలర్ కూడా భయంతో వేగం పెంచి చదునుగా వేస్తాడు. దాంతో డిప్, డ్రిఫ్ట్ రెండూ పోతాయి, చేతిలో మిగిలేది కాస్త టర్న్.

ఆ వాతావరణంలోనే పెరిగిన వాషింగ్టన్ సుందర్ 2024 అక్టోబర్‌లో పుణె టెస్టుకు వచ్చాడు. మొదటి రోజు న్యూజిలాండ్ 259కి ఆలౌట్ అయితే అతనికి 59 పరుగులకు 7 వికెట్లు, మిగతా మూడూ అశ్విన్‌వి. పదికి పది వికెట్లు ఇద్దరు ఆఫ్ స్పిన్నర్లకే. 65 పరుగులతో కుదురుకుని ఆడుతున్న ఎడమచేతి బ్యాటర్ రచిన్ రవీంద్ర కూడా సుందర్‌కే బౌల్డ్ అయ్యాడు. ఆ టెస్టు ఇండియా ఓడిపోయింది. అదే పిచ్ మీద వేగాన్ని మార్చి మార్చి వేసిన ఎడమచేతి స్పిన్నర్ మిచెల్ శాంట్నర్ మ్యాచ్‌లో 13 వికెట్లు తీసి మన బ్యాటర్లను ముంచాడు.